మూడో ఏడాది వరకు బాగుండేది

కొందరికి వంకాయ పడదు. కొందరికి చన్నీళ్లు పడవు. మా ఉస్తాజ్ హిల్మీ గారికి నాలుగో ఏడు పడేది కాదు. వస్తువు కానీ, మనిషి కానీ, మునిసిపాలిటీ కానీ, మూడేళ్లు నిండేదాకా ఆయనకు దానియందు ఏ లోపమూ తోచేది కాదు. నాలుగో ఏడు అడుగుపెట్టిన మరుక్షణం కళ్లద్దాలను ముక్కు కొనకు దించి, "మూడో ఏడాది వరకు బాగుండేది" అని తీర్పు చెప్పేవారు. ఆ తీర్పునకు పైకోర్టు లేదు.

ఉద్యోగరీత్యా ఆయన తూనికలు, కొలతల శాఖలో తనిఖీదారు. నైలు సముద్రంలో కలిసే మా దుమ్యాత్ పట్టణంలో ముప్పైయొక్క సంవత్సరాలు త్రాసులకు ముద్రలు వేసి విశ్రాంతి పొందారు. ఆయన బజారులో కాలు పెట్టగానే త్రాసుల ముళ్లు తమంతట తామే నిటారుగా నిలబడేవని వర్తకులు చెప్పుకునేవారు. ఒకమారు ఖర్జూరాల పొట్లంలో ఒక పండు ఎక్కువ పడిందని, మండుటెండలో అరమైలు వెనక్కి నడిచి ఆ పండును తిరిగి ఇచ్చి, అంత తప్పు త్రాసు వాడినందుకు ఆ వర్తకునికి జరిమానా కూడా వేసి వచ్చిన మహానుభావుడు.

నా మనుమడికి మూడేళ్లు నిండి నాలుగో ఏడు వచ్చిన నాడు వాణ్ణి ఎత్తుకుని ఆయన వద్దకు వెళ్లాను. "దీవించండి ఉస్తాజ్" అన్నాను. ఆయన వాణ్ణి నఖశిఖపర్యంతం పరిశీలించారు.

"మూడో ఏడాది వరకు బాగుండేవాడు, హాజీ మిత్వల్లీ" అన్నారు.

పిల్లవాడు గుక్కపెట్టి ఏడ్చాడు.

"చూశావా" అన్నారు.

స్వగృహానికి కూడా మినహాయింపు లేదు. "మా కాపురం కూడా మూడో ఏడాది వరకు బాగుండేది" అని ఆయన ఒకనాడు వీధిలో అన్న మాట, కూరల కోసం మూడో అంతస్తు నుండి బుట్టను తాడుతో దించుతున్న ఆయన ఇల్లాలు ఇన్షిరాహ్ చెవిని పడింది. ఆమె బుట్టను నడిమధ్య ఆపింది.

"నాలుగో ఏడు నుంచి ఈయన ఇంట్లో కూడా మాట్లాడటం మొదలుపెట్టారు, హాజీ. పాడైందంటే అందుకే పాడైంది" అని, బుట్టను తిరిగి కిందికి వదిలింది.

అయితే ఈ తీర్పు మిక్కిలి కఠినంగా అమలైనది "చుక్కల రేవు" అనే టెలివిజన్ సీరియల్ మీద. ఏటా రంజాన్ నెలలో, ఉపవాసం విడిచే ఫిరంగి మోగిన గంటకు అది మొదలయ్యేది. నడి ఆకాశంలో ఒక రేవు. అక్కడికి లోకాలన్నింటి నుండి ఓడలు వస్తుంటాయి, పోతుంటాయి. వాటిని కాచే కెప్టెన్ నదీమ్ ఏడాదికి ముప్పై రోజుల చొప్పున విశ్వాన్ని రక్షిస్తుంటాడు. నేను చెప్పబోయే నాటికి పదిహేడేళ్లుగా రక్షిస్తున్నాడు. ఏ గ్రహం మీద దిగినా అదే సున్నపురాతి గుట్ట. గుట్ట మీద, దూరంగా, అదే మేక.

ఈ మేకను గురించే మా కాఫీకొట్టులో ఆరేళ్ల వాదం నడిచింది. నగిషీ పనివాడు షర్బీనీ ఆ సీరియల్‌కు పరమభక్తుడు.

"అది మామూలు మేక కాదు ఉస్తాజ్" అనేవాడు. "అన్ని గ్రహాల మీదా ఉందంటే ఏంటి అర్థం? అది కెప్టెన్ కంటే ముందే చేరుతోందని. రచయిత ఏదో దాస్తున్నాడు."

"ఏమీ దాయలేదు. కాపరి దాన్ని తోలడం మర్చిపోయాడు."

"పదిహేడేళ్లా?"

"మేక కూడా మూడో ఏడాది వరకు బాగానే నటించేది. తర్వాత పొగరొచ్చింది."

ఇతర పట్టణాల వారు కథను చూస్తారేమో, మేము చెక్కను చూస్తాము. మా ఊళ్లో పుట్టినవాడు ముందు నడక, పిదప చిత్రిక పట్టడం, ఆ పిదప మాటలు నేరుస్తాడు. నేను గిరగిర తిరిగే తరిమెన మీద కుర్చీకాళ్లు తీర్చి నలభై ఏండ్లు జీవించినవాణ్ణి. కెప్టెన్ శత్రునౌకతో పోరాడుతుంటే మా కళ్లు ఆయన వెనకనున్న బల్ల అతుకుల మీద ఉండేవి. మొదటి మూడేళ్లు ఆ రేవు యావత్తూ జాన్ అనే గట్టి కర్రతో, బెజ్జాలు తొలిచి బిగించిన అతుకులతో ఉండేది. నాలుగో ఏడు నుండి ప్లైవుడ్, మేకులు. ఈ విషయంలో మాత్రం ఉస్తాజ్ మాటకు ఎదురు చెప్పే సాహసం దుమ్యాత్‌లో ఎవరికీ లేదు. తగవంతా, ఆ తరువాత ఆ సీరియల్ చూడదగునా కాదా అన్నదాని మీదనే.

ఒక సాయంత్రం తోకచుక్క తగిలి రేవు తలుపు ఊడి కెప్టెన్ మీద పడింది. కాఫీకొట్టంతా ఊపిరి బిగబట్టింది.

"మడతబందులు రెండే" అన్నారు ఉస్తాజ్. "అంత తలుపుకి మూడుండాలి."

"తగిలింది తోకచుక్క ఉస్తాజ్" అన్నాడు షర్బీనీ.

"తగలనీ. మూడు బందులున్న తలుపు తోకచుక్క తగిలినా పడదు."

"తోకచుక్క ఎంత బరువుంటుందో తెలుసా మీకు?"

"నీకు తెలుసా? ఎవరు తూచారు? ఏ త్రాసు మీద? దానికి ముద్ర ఉందా?"

కెప్టెన్ బతికాడో లేదో ఆ రోజు మాకు తెలియలేదు.

ఇక ఈ వాదాలు వినవలసినవాడు, అందరికన్నా ఎక్కువగా నొచ్చుకొనవలసినవాడు ఒకడున్నాడు. అతడే ఆ కాఫీకొట్టు యజమాని దసూకీ. పదునాలుగేళ్ల క్రితం, మూడో ఏడాది ముగిసిన పిమ్మట, కుర్చీలు బేరమాడటానికి కైరో నుండి వచ్చిన ఆ సీరియల్ వారు, పదకొండు టీ గ్లాసుల పళ్లెంతో కిక్కిరిసిన జనంలో నుండి చుక్క తొణకకుండా నడిచిపోతున్న దసూకీని చూశారు. వారికి అప్పుడు మూడు కాళ్లతో పడిపోకుండా నడవగల మనిషి కావలసి ఉన్నది. ఆ విధంగా దసూకీ నాలుగో ఏడు నుండి కర్కూర్ అయ్యాడు.

కర్కూర్ అనగా వేరే లోకపు జీవి. ఆకుపచ్చని రబ్బరు తొడుగు, మూడు కాళ్లు, నుదుట ఒకే కన్ను. ఆ కన్ను బస్సు వెనక దీపం. కర్కూర్‌కు మాటలు లేవు. కెప్టెన్ ఏమడిగినా "గుర్ర్" అంటుంది. ఏటా నలభై రోజులు దసూకీ కొట్టును చెల్లెలికి అప్పగించి కైరో వెళ్లి, గుర్రుమని తిరిగి వచ్చేవాడు. మా వీధికంతటికీ అతడు గర్వకారణం. ఉస్తాజ్ మాత్రం అతడు తెచ్చిన టీ తాగుతూ, అతని ముఖం మీదనే, "మూడో ఏడాది వరకు బాగుండేది" అనేవారు. దసూకీ నాలుగు చెంచాల చక్కెర వేసి, గ్లాసును కొంచెం గట్టిగా పెట్టేవాడు. అంతే.

ఉస్తాజ్ అంతటితో ఊరుకున్నా బాగుండును. వారానికొకమారు ఆ సీరియల్ నిర్మించే సంస్థకు అభ్యంతరాల ఉత్తరం రాసేవారు. ఒక్కొక్కటి పది, పన్నెండు పుటలు. పైగా ప్రతి ఉత్తరానికీ సాక్ష్యంగా ఒక చెక్కతుంటను కట్టి పంపేవారు. అందుకోసం శనివారం శనివారం సంచీ పట్టుకుని పనిశాలలన్నీ తిరిగేవారు.

"హాజీ, ఒక జాన్ తుంట ఇప్పించు. కొంచెం బరువున్నది."

"ఎందుకు ఉస్తాజ్?"

"అసలు చెక్క ఎలా ఉంటుందో వాళ్లకి తెలియాలి కదా."

"పోయిన వారమేగా పంపారు. అప్పుడు తెలియలేదా?"

"తెలిసుంటే మానేవాళ్లు కదా. అదిగో, ఆ పెద్దది ఇవ్వు."

కుర్చీకాలు పగిలిపోయినా, తుంట మిగిలినా పొయ్యిలో పెట్టకుండా ఉస్తాజ్ కోసం పక్కన వేయడం మా అందరికీ అలవాటైపోయింది. పెద్దాయన, పిచ్చి ముదరకుండా ఒక వ్యాపకం ఉన్నదని సమాధానపడ్డాము.

పదిహేడో ఏడు చివరి భాగం అయిపోయిన సాయంత్రం దసూకీ టెలివిజన్ కట్టి, చేతులు తుడుచుకుని, మా మధ్యకు వచ్చి నిలబడ్డాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఒక మాట చెప్పాలి. రచయిత నాకు మాటిచ్చాడు. వచ్చే ఏడు కర్కూర్ మాట్లాడుతుంది. ఒకే ఒక్క వాక్యం. కానీ మాట్లాడుతుంది."

కాఫీకొట్టు ఒక్కమారు లేచి నిలబడింది. షర్బీనీ అతణ్ణి కౌగలించుకున్నాడు. పదునాలుగేళ్లు రబ్బరులో ఉడికిపోతూ గుర్రుమన్న మనిషికి దేశమంతా వినేటట్లు ఒక్క వాక్యం పలికే యోగం పట్టింది. నేను కూడా లేచి అతని వీపు తట్టాను. సరిగా అప్పుడే మూల నుండి ఉస్తాజ్ కంఠం వినిపించింది.

"నాలుగో ఏడు తర్వాత ఆ సీరియల్‌లో మిగిలిన మంచి ఒక్కటే, కర్కూర్ నోరు మూసుకుని ఉండటం. అది కూడా పోయిందన్నమాట."

ఎవరూ నవ్వలేదు. దసూకీ మెల్లగా వెళ్లి, ఉస్తాజ్ ఎదుటనున్న టీ గ్లాసు తీసుకుపోయి, మరొక గ్లాసు తెచ్చిపెట్టాడు. ఉస్తాజ్ ఒక గుక్క తాగి ఆగారు.

"చక్కెర లేదు."

"ఇక ఉండదు ఉస్తాజ్" అన్నాడు దసూకీ.

ఆ మరునాడు షర్బీనీ వీధివీధీ తిరిగి కట్టడి చేశాడు: ఉస్తాజ్ హిల్మీకి ఎవరూ చెక్కపేడు కూడా ఇవ్వరాదు. నేను సైతం ఒప్పుకున్నాను. శనివారం ఆయన సంచీతో వచ్చారు.

"హాజీ, ఒక తుంట."

"లేదు ఉస్తాజ్."

"నీ కాళ్ల దగ్గరుంది."

"అది పొయ్యిలోకి."

ఆయన నన్ను, తుంటను మార్చి మార్చి చూశారు. "మన స్నేహం కూడా మూడో ఏడాది వరకు బాగుండేది" అని వెళ్లిపోయారు. ఆయన నడకలో తొట్రుపాటు కనిపించింది. నేను దానిని రోషమనుకున్నాను. రెండు నెలలు ఆయన ప్రతి శనివారమూ ఖాళీ సంచీతో తిరిగారు. మూడో నెలలో ఇన్షిరాహ్ బాల్కనీ నుండి నన్ను కేకేసింది.

"హాజీ, మీరు ఒకసారి పైకొచ్చి ఈయనతో మాట్లాడండి. పొద్దున నేను పరగడుపున నడకకెళ్లొచ్చేసరికి భోజనబల్ల కాలు కోసేశారు. ఎందుకని అడిగితే, మూడు కాళ్ల మీద కూడా నిలబడుతుందిలే అంటున్నారు. పళ్లేలన్నీ గోడవైపు జారుతున్నాయి."

నేను వెళ్లలేదు. వెళ్లి ఉండవలసినది.

నాలుగో నెలలో పిడుగు పడింది. "చుక్కల రేవు" పదిహేడేళ్లతో ముగిసినదనీ, వచ్చే రంజాన్‌కు ఆ వేళలో "మా ఇంటి కుండ" అనే వంటల కార్యక్రమం రాబోతున్నదనీ పత్రికలో నాలుగు పంక్తులు పడ్డాయి. దసూకీ ఆ పత్రికను చదివి మడిచి పళ్లెం కింద పెట్టాడు. ఆ రోజు అతడు తెచ్చిన టీ గ్లాసులన్నీ తొణికాయి. ఇరవై ఏళ్లలో అదే మొదటిసారి.

ఉస్తాజ్ తన మూలలో కూర్చుని ఉన్నారు. ఆయన "మూడో ఏడాది" అంటే గ్లాసు విసురుదామని షర్బీనీ సిద్ధంగా ఉన్నాడు. ఆయన అనలేదు. గొంతు సవరించుకుని, "నాకు బస్తాడు చెక్క ఇప్పించండి. సర్దుకుంటుంది" అన్నారు.

"దసూకీ సీరియల్ చచ్చి ఏడుస్తుంటే మీకు చెక్క కావాలా?" అన్నాడు షర్బీనీ.

"బస్తా కాకపోతే అరబస్తా."

"లేవండి ఉస్తాజ్. ఇంటికెళ్లండి."

ఆయన ఏదో చెప్పబోయి, దసూకీ వైపు చూసి, నోరు మూసుకుని లేచి వెళ్లిపోయారు.

రెండు రోజులకు నేను, దసూకీ కైరో బస్సెక్కాము. పెద్దలను బతిమాలుదామని మా ఉద్దేశం. పెద్దలు మమ్మల్ని చూడలేదు. "వీక్షకుల సంగతి కింద, ఉత్తరాల గదిలో" అని మెట్లు చూపించారు. ఆ నేలమాళిగలో మదామ్ ఫిక్రియా అనే వృద్ధురాలు, ఒక పెద్ద త్రాసు పక్కన కూర్చుని కొషరీ తింటోంది. గదినిండా ఉత్తరాల గోతాలు, పచ్చడి జాడీలు.

"ఉత్తరాలు చదవడం మీ పనేనా అమ్మా?" అన్నాను.

"చదవడమా?" అంది ఆమె చెంచా ఆపి. "ఏడాదికి లక్ష ఉత్తరాలు. చదవడానికి నాకున్నవి రెండు కళ్లు. తూస్తాను."

"తూస్తారా?"

"ఏ కార్యక్రమానికి ఎన్ని కిలోలొస్తే దానికంత గిరాకీ. నెల నెలా పైకి లెక్క పంపుతాను. తిట్టారో, మెచ్చుకున్నారో ఎవరడిగారు? ఇష్టం లేనివాడు అన్ని కాగితాలెందుకు రాస్తాడు?"

దసూకీ నెమ్మదిగా, "చుక్కల రేవుకి ఎన్ని వచ్చాయి?" అని అడిగాడు.

ఆమె పెద్ద పుస్తకం తెరిచి వేలు జార్చింది. "పోయినేడు నూట ఆరు కిలోలు. అందులో దుమ్యాత్ నుంచే ఎనభై మూడు. ఈ ఏడు మొత్తం ఇరవై నాలుగు. దుమ్యాత్ నుంచి నాలుగున్నర. అందులో ఒక భోజనబల్ల కాలు."

నేను పక్కనున్న గోతం మీద కూలబడ్డాను.

"ఇప్పుడు పగలొచ్చే మా ఇంటి కుండ చూసేవాళ్లు తెలివైనవాళ్లు" అని ఆమె కొనసాగించింది. "ఉత్తరంతో పాటు రుచి చూడమని పచ్చళ్లు పంపుతారు. జాడీతో సహా తూస్తాం. చెక్క పంపేది మాత్రం మీ ఊరాయన ఒక్కడే. పదునాలుగేళ్లుగా ఒకటే చేతిరాత."

"ఆయనకీ సంగతి ఎలా తెలుసు?"

"తెలియకపోవడమేంటి? ఈ త్రాసుకి ముద్ర వేసిందే ఆయన. మూడో ఏడాది చివర్లో ఇక్కడ తనిఖీదారు సెలవులో ఉంటే మీ ఊరి నుంచి పంపారు. ఇది కిలోకి నలభై గ్రాములు ఎక్కువ చూపిస్తోందని సరిచేశారు. దేనికమ్మా ఈ త్రాసు అంటే చెప్పాను. అప్పటికి చుక్కల రేవుకి రెండు కిలోలే. ఆ ఏడుతో ఆపేస్తున్నారు. ఎవరో టీకొట్టాయనకి రబ్బరు తొడుగు కూడా కుట్టించేశారట, పాపం, అది వృథా అని చెప్పాను. ఆయన ముద్ర వేసి వెళ్లిపోయారు. మరుసటి వారం నుంచి చెక్క రావడం మొదలైంది."

తిరుగు బస్సెక్కాము. నైలు వంతెన దాటాక దసూకీ, "నేను ఆయనకి చక్కెర మాన్పించాను హాజీ" అన్నాడు. "నేను తుంట మాన్పించాను" అన్నాను. ఇద్దరం బరువు సరిచూసుకున్నాము, సరిసమానంగా ఉన్నది.

ఉస్తాజ్ ఇంట్లో మూడు కాళ్ల బల్ల ముందు కూర్చుని, మరొక కాలును రంపంతో కొలుస్తున్నారు. మమ్మల్ని చూసి రంపం దాచబోయారు.

"ఎందుకు చెప్పలేదు ఉస్తాజ్?" అన్నాడు దసూకీ.

"ఫిక్రియా నోరు కూడా మూడో ఏడాది వరకు బాగుండేది" అని నిట్టూర్చారు ఆయన. "ఏం చెప్పమంటావురా? నీ వేషం చెక్కతుంటల మీద నిలబడిందని తెలిస్తే, నువ్వు దాన్లో నిలబడగలిగేవాడివా?"

"మరి మీకెందుకు అంత శ్రమ?"

"వేషం వచ్చిందని నువ్వు వీధంతా షర్బత్ పోశావా లేదా? నేను తాగానా లేదా? తర్వాత నేను కైరో వెళ్లేసరికి సీరియలే లేదన్నారు. తాగిన షర్బత్ వెనక్కెలా ఇస్తాం?"

ఒక్క ఖర్జూరం వెనక్కి ఇవ్వడానికి అరమైలు నడిచినవారు, ఒక గ్లాసు షర్బత్‌కు పదునాలుగేళ్లు నడిచారు.

"మరి తిట్టడం దేనికి ఉస్తాజ్?" అని నేనడిగాను. "మెచ్చుకుంటూ రాయొచ్చు కదా."

"మెచ్చుకుంటే అరపేజీలో అయిపోతుంది హాజీ. తప్పులైతే పన్నెండు పేజీలొస్తాయి. చెక్క కూడా జత చేయొచ్చు. అయినా నేను రాసిందాంట్లో ఒక్క అబద్ధం లేదు. అది మూడో ఏడాది తర్వాత పాడైంది."

ఈ వార్త చెప్పగానే షర్బీనీ కాసేపు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. పిదప తన పనిశాలకు పరుగెత్తి, తోపుడుబండి నిండా చెక్క వేసుకువచ్చాడు. పత్రికలో పడినా తుది తూకానికి ఇంకా పదమూడు రోజులున్నాయనీ, ఆలోగా బరువు పెరిగితే నిర్ణయం మారవచ్చుననీ మదామ్ ఫిక్రియా చెప్పి ఉన్నది. పచ్చళ్లు అప్పటికే తొంభై రెండు కిలోలు. సాయంత్రానికి కాఫీకొట్టు ముందు చెక్క గుట్టగా పడింది. ఒకడు ఏకంగా తలుపు మోసుకువచ్చాడు. ఉస్తాజ్ చేయెత్తారు.

"ఉత్తరం లేని చెక్క తూకంలోకి రాకూడదు. అది దొంగతూకం. ముక్కకో అభ్యంతరం ఉండాలి. ఆ అభ్యంతరం నిజమై ఉండాలి."

పన్నెండు సాయంత్రాలు మా కాఫీకొట్టు పరీక్షలు రాసే బడిగా మారింది. చెక్కకు అభ్యంతరాలు వెతకడంలో వడ్రంగులకు కొదవేముంది? తలుపు తెచ్చినవాడు మూడు మడతబందుల మీద తొమ్మిది పుటలు రాశాడు. నేను కెప్టెన్ కుర్చీ కాళ్ల వంపు మీద పదునాలుగు రాశాను. పాపం షర్బీనీ ఒక్కడే కలం కొరుకుతూ కూర్చున్నాడు.

"నాకంతా బాగానే ఉంది ఉస్తాజ్."

"బాగుందని రాస్తే కర్కూర్ నోరు పెగలదు. బాగా చూడు."

"ఆ మేక గురించి రాయనా?"

"మేకకి ఏ చెక్క జత చేస్తావు?"

మూడో నాటికి షర్బీనీ కళ్లు తెరుచుకున్నాయి. తొమ్మిదో ఏటి రేవులో కనిపించే బీరువా అతని చేతిపనియే. దాని ఎడమ తలుపు మీద ద్రాక్ష ఆకు తలకిందులుగా ఉన్నది. ఆ పనివాడి అజాగ్రత్తను చీల్చి చెండాడుతూ ఇరవై రెండు పుటలు రాశాడు. "వీడికి ఉలి ఎవరిచ్చారు?" అన్నది అందులోని సౌమ్యమైన వాక్యం. దసూకీ తన మీద తానే అభ్యంతరం రాసుకున్నాడు: పదకొండో ఏట నాలుగు రోజులపాటు కర్కూర్ మూడో కాలు వెనక్కి తిరిగి ఉన్నది. దానికి సాక్ష్యంగా టీ పళ్లెం పెట్టుకునే బల్ల కాలు ఇచ్చాడు. ఉస్తాజ్ ప్రతి ముక్కనూ తూచి, ప్రతి ఉత్తరాన్నీ చదివి, అతిశయోక్తి కనిపిస్తే కొట్టివేసి, ముద్ర వేశారు. ఇన్షిరాహ్ బుట్టను దించి, "ఆయన కోసిన కాలు మిగతా ముక్క ఇదిగో. నాకు ఆ సీరియల్ మీద కాదు, ఆయన మీద అభ్యంతరాలున్నాయి. పనికొస్తాయా?" అని అడిగింది. పనికి రావన్నారు.

మొత్తం నూట మూడు కిలోలు. బస్సువాడు దానిని మనుషుల సామాను అనడానికి ఒప్పుకోలేదు. పై కప్పు మీద కట్టాము. పదిహేను రోజులకు మదామ్ ఫిక్రియా నుండి ఒక కార్డు వచ్చింది. అందులో మూడే మాటలున్నాయి: "పచ్చళ్లు ఓడిపోయాయి. ఫిక్రియా."

ఆ ఏడు దసూకీ చిత్రీకరణకు వెళ్లి వచ్చాడు. కర్కూర్ ఏం మాట్లాడిందని ఎంత అడిగినా పెదవి విప్పలేదు. రంజాన్ వచ్చింది. రోజూ ఫిరంగి మోగగానే ఇంత నోట్లో వేసుకుని కాఫీకొట్టుకు పరుగెత్తాము. ఇరవై తొమ్మిది రోజులు కర్కూర్ గుర్రుమన్నది.

"రచయిత మోసం చేశాడేమోరా" అన్నాడు షర్బీనీ.

"ఓపిక పట్టు" అన్నాడు దసూకీ.

ముప్పయ్యో నాడు రేవు మీద ఉల్కలు కురిశాయి. దీపాలు ఆరాయి. ప్లైవుడ్ గోడలు ఊగాయి. తలుపుకు మూడు మడతబందులున్నాయి, అది పడలేదు. కాఫీకొట్టు గర్వంతో తల పంకించింది. కెప్టెన్ నదీమ్ మోకాళ్ల మీద పడి, చేతులు చాచి, "ఇంత గొప్ప రేవుకి ఈ గతి ఎందుకు పట్టింది?" అని ఆకాశాన్ని అడిగాడు. అప్పుడు కర్కూర్ మూడు కాళ్ల మీద మెల్లగా ముందుకు వచ్చింది. ఎర్రని కన్ను వెలిగింది. పదిహేనేళ్ల రబ్బరు వెనక నుండి, దుమ్యాత్ యాసలో, మా దసూకీ గొంతు వినిపించింది.

"మూడో ఏడాది వరకు బాగుండేది."

కాఫీకొట్టు పైకప్పు ఎగిరిపోయిందనుకున్నాను. షర్బీనీ బల్ల ఎక్కాడు. ఉస్తాజ్ మాత్రం కదలలేదు. కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచారు. తిరిగి పెట్టుకుని, చొక్కా జేబు నుండి కలం తీశారు.

"హాజీ, ఒక తుంట ఉందా?"

"ఇంకా దేనికి ఉస్తాజ్?"

"మాట్లాడేటప్పుడు మూడో కాలు కదిలింది. రాయాలి." ఆయన నా వైపు వంగి గొంతు తగ్గించారు. "పందొమ్మిదో ఏడు వద్దా ఏంటి?"

ఇంతలో దసూకీ పదకొండు గ్లాసుల పళ్లెంతో, చుక్క తొణకకుండా, జనాన్ని తప్పించుకుంటూ వచ్చి ఆయన ముందు టీ పెట్టాడు. మా అందరి ముందు, లెక్కపెడుతూ, ఒకటి, రెండు, మూడు, నాలుగు చెంచాల చక్కెర వేసి కలిపాడు. ఉస్తాజ్ ఒక గుక్క తాగారు. కళ్లు మూసుకున్నారు. మేమంతా ఆయన నోటివైపే చూస్తున్నాము.

"మూడో చెంచా వరకు బాగుంది" అన్నారు.